గుడ్ల గిన్నె

గ్రిమ్స్‌బీలో మా వంటింటికి రెండే గిన్నెలు.
ఒకటి బంగాళాదుంపలకి, రెండోది గుడ్లకి.
ఆ ఏడాది ఏప్రిల్ నుంచి
రెండోదాంట్లో గుడ్లు ఉడకడం మానేశాయి.

అంతకు ముందు సంగతి చెప్పాలి.
అమ్మది హ్యాడక్ చేపల ముళ్లు తీసే పని.
రాత్రి తిండ్లయ్యాక నీళ్ల బిల్లు వచ్చిన కవరు తిరగేసి
వెనకవైపు పద్దు రాసేది.
రొట్టె. పాలు. కరెంటు మీటరుకి అయిదు పౌన్లు.
ఆ కింద మా అక్క కోరిన్ పేరు, దాని కింద నా పేరు,
పక్కన ప్యాడ్ల లెక్క:
దానికి రెండు ప్యాకెట్లు, నాకు ఒకటిన్నర.
సగం ప్యాకెట్టు ఎవడమ్ముతాడని అడిగితే
"రెండు నెలలు కలిపితే మూడు కాదూ,
బళ్లో ఏం నేర్పుతున్నారు మీకు" అనేది.

ఆఖరి రోజులకి పాత ఫ్లానెల్ చొక్కా ముక్కలు,
మధ్యలో తువ్వాలు పొర పెట్టి
అమ్మ చేత్తో కుట్టినవి, అంచున నొక్కు బొత్తాం.
చలికాలం అవి ఓ పట్టాన ఆరేవి కావు.
రేడియేటర్ మీద వేస్తే గ్యాస్ ఖర్చు,
పెరటి తీగ మీద వేస్తే పక్కింటి ఓగ్డెన్ గారి కళ్లు.
"చూడనీ. ఆయన లాగులకన్నా తెల్లగానే ఉన్నాయి"
అని క్లిప్పులు పెట్టి మరీ ఆరేసింది.

ఏప్రిల్లో, కోరిన్ పదిహేడో పుట్టినరోజుకి
చిన్న గుడ్డ సంచీలో కప్పు కొనుక్కొచ్చింది.
ఇరవై రెండు పౌన్లు!
కవరు మీద భాగహారం చేసి చూపించింది:
పదో నెలకి అసలు తీరుతుంది,
ఆ తరవాత ఏళ్ల తరబడి అంతా మిగులే.
గుడ్ల గిన్నె దానికి రాసిచ్చేశాం.
నెలకోసారి అయిదు నిమిషాలు మరగాలి.
మీటరు మీద అంకెలు దిగుతుంటే
అమ్మ స్టవ్ పక్కన గడియారం పట్టుకుని నిలబడేది,
ఆరో నిమిషం తన జీతంలో కోస్తారన్నట్టు.

మూడో నెల.
బాత్రూంలోంచి కోరిన్ కేక, వెంటనే నీళ్ల హోరు,
తరవాత ఏ చప్పుడూ లేదు.
ఇరవై రెండు పౌన్లు గొట్టంలోంచి హంబర్‌కి,
హంబర్ లోంచి సముద్రానికి.
కోరిన్ తలుపు తీయదు.
అమ్మ మెట్ల మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది.
"ఇన్నేళ్లూ ఆ సముద్రం సొమ్ము మనం తిన్నాం,
పోనీలే, దానికీ ఏదో ముట్టింది" అంది.
ముందు నేను నవ్వాను.
తలుపు వెనక ముక్కు చీదుతూ ఇంకో నవ్వు.

ఆ రాత్రి మళ్లీ కవరు.
భుజం మీంచి తొంగి చూశాను.
కోరిన్, నేను, అంకెలు.
మూడో పేరు లేదు.
సొరుగులో పాత కవర్ల కట్ట ఉంటే
రబ్బరు బ్యాండు తీసి ఒక్కోటీ వెతికాను.
రొట్టె ఉంది, మీటరు ఉంది, పిల్లి తిండి కూడా ఉంది.
అమ్మ లేదు.

అమ్మకప్పుడు నలభై ఒకటి.
విడిచిన ఏప్రాన్ జేబులో ఎప్పుడూ ఉండేవి
నాలుగు మడతల ఆకుపచ్చ కాగితం తువ్వాళ్లు,
ఫ్యాక్టరీలో చేతులు తుడుచుకునేవి,
తడిసి ఆరితే అట్టముక్కల్లా గీరుకునేవి.
చేపల వాసనకి తెచ్చుకుంటోందనుకున్నాను ఇన్నాళ్లూ.
వాటితో ఎనిమిది గంటలు, నిలువుకాళ్ల మీద.

నేనేమీ అడగలేదు. పదమూడేళ్లు, ఎలా అడగాలో తెలీదు.
పెన్సిలు తీసుకుని నా పేరు కింద "అమ్మ" అని రాసి,
నా ఒకటిన్నరలో సగం కొట్టేసి
అటు వేశాను.
పొద్దునకి రబ్బరుతో చెరిపేసి ఉంది.
మళ్లీ రాశాను. మళ్లీ చెరిపింది.
నాలుగోసారి చెరపలేదు.
కింద మొత్తం మాత్రం సరిదిద్దింది.

ఆ ఆదివారం గుడ్ల గిన్నెలో గుడ్లు ఉడికాయి.
ఎంత తోమానని చెప్పినా
కోరిన్ ముట్టుకోలేదు.
దాని గుడ్డు కూడా నేనే తిన్నాను.