అలుగు

రెండేళ్ల కిందట రేకులకి రంగు పూస్తానని వచ్చిన మనిషే.
అప్పుడు మీసం లేదు.
కోరాడ గవరయ్య దగ్గర మూడు వేలు బయానా పట్టుకుని
"సోమవారం డబ్బాలు దింపుతాను" అన్నాడు.
ఏ సోమవారమో చెప్పలేదు కదా అని
గవరయ్య ఇప్పటికీ తనలో తను నవ్వుకుంటాడు,
కారే చూరు కింద గిన్నెలు సర్దుకుంటూ.

ఈసారి మీసం ఉంది. వ్యాను మారింది.
జీడితోటలకి చెద మందట.
మైకులో ఆడగొంతు, పాట మధ్యలో ధర.

మాది ఆనందపురం దాటి, పద్మనాభం రోడ్డు వదిలేసి
ఎర్రమట్టి దారి పట్టాక
ఫోన్లో సిగ్నల్ చచ్చిపోయే చోట మొదలయ్యే ఊరు.
అంత దూరం వెతుక్కుంటూ వచ్చేవాళ్లలో సగంమంది
రశీదు పుస్తకం మర్చిపోయి వస్తారు.

చెట్టుకి నూట ఎనభై.
పది చెట్లకైతే టార్చిలైటు ఉచితం.
నలుగురు ఆడాళ్లం జీడిపిక్కలు కొడుతున్నాం,
వేళ్లన్నీ నల్లగా.
పక్కన చతికిలబడి గొంతు తగ్గించాడు:
"అమ్మా, ఈ కొండమీద అలుగు తిరుగుతుందట కదా.
ప్రాణంతో అయితే పాతిక వేలు.
పొలుసులైతే కేజీ లెక్క."
నోట్లు విసనకర్రలా విప్పాడు.
గాలి మాత్రం రాలేదు.

నాకు తెలుసు అదెక్కడుందో.
మంచు కురిసే రోజుల్లో తోట కాపలాకి పోయి చూశాను.
ముందరి గోళ్లు లోపలికి మడిచి
పిడికిళ్ల మీద నడుస్తూ
అప్పు అడిగి లేదనిపించుకున్న మనిషిలా
తల దించుకుని వచ్చింది.
పుట్ట తవ్వింది. నాలిక పెట్టింది.
నా చుట్ట కొసదాకా కాలేంతసేపూ తిన్నది.
తెల్లారి చూస్తే ఏడో వరస చెట్ల మొదళ్లు శుభ్రం.
బయానా అడగలేదు.

చెదలు తినేదాన్ని మన దగ్గర కొనుక్కుపోయి
చెదలకి మందు మనకే అమ్ముతాడు!
ఈ లెక్క నాకు తట్టేలోపే
మూడడ్ల సన్యాసమ్మ లేచి కోక దులుపుకుంది.
"అలుగా? ఉంది నాయినా.
మా మావ నాటినుంచీ ఉంది. ఊరు దాటి పోనేదు.
వానలకి ఒళ్లు పొంగుతాది, ఎండలకి ఎండిపోతాది.
పద, సూపిత్తాను."

నేను తల ఎత్తలేదు.
నవ్వితే చెయ్యి జారి జీడి కంట్లో పడుతుంది.

నడినెత్తిన ఎండ. మైలున్నర గట్టు.
అతని బూట్లు, ఆమె ఉత్త కాళ్లు.
గట్టు చివర మొండి రాతిగోడ,
దాని మీద సున్నంతో నీటిపారుదల వాళ్ల రాత: అలుగు.
మేం కళింగ అనేవాళ్లం.
ఎవరో ఇంజినీరు వచ్చి ఆ పేరు రాయించిపోతే
మా పేరు బాగులేదా అని అప్పుడు అలిగాం.
ఇన్నాళ్లకి పనికొచ్చింది.
"ఇదే బాబూ. పాతిక వేలు ఇలా పెట్టి, ఎత్తుకుపో."

వాళ్లు తిరిగొచ్చేసరికి
పిల్లలు వ్యాను నంబరు బడిగోడ మీద
జీడి రసంతో రాసేశారు.
ఆ మచ్చ సబ్బుకి పోదు, వానకి పోదు.
నా కోడలు రాజులమ్మ నీళ్ల ట్యాంకు నిచ్చెన ఎక్కి
రెండు గీతల సిగ్నల్లో
ఫారెస్టు గార్డుకి అదే నంబరు చదువుతోంది,
ఒక్కొక్క అంకె, బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

మీసం కింద మొహాన్ని గవరయ్య గుర్తుపట్టాడు.
"ఈరోజు సోమవారవే" అన్నాడు, అంతే.
అతను మైకు ఆపడం కూడా మర్చిపోయి పోయాడు.
పాట మధ్యలో ధర, దుమ్ములో చాలాదూరం వినబడింది.
పట్టుబడ్డాడో లేదో ఇంకా కబురు లేదు.
కాల్వ పక్క చిన్నప్పడు ఆరు చెట్ల డబ్బు ముందే ఇచ్చేశాడట,
సిగ్గుపడి నిన్న చెప్పాడు.

గవరయ్యకి దక్కింది ఒక టార్చిలైటు.
మూడు వేల టార్చి అని ఊరంతా పిలుస్తారు.
రాత్రి కాపలాకి అది నాకే ఇచ్చాడు.

ఏడో వరస దగ్గర ఆకులు అలికిడయ్యాయి.
మీట మీద వేలు పెట్టాను.
నొక్కలేదు.