మీరేం ఆడతారు?

యూనివర్సిటీ గేటు ఎదురుగా మా మెస్సు.
చారు తాళింపులో జీలకర్ర పడదు.
ఇరవై రెండేండ్లలో ఒక్కరూ కనుక్కోలా,
ఒరాటిలే తప్ప.
బోట్స్వానా నుంచి వచ్చింది, రాళ్ల చదువు చదవను.
మాయమ్మ నోట్లో పేరు తిరక్క ‘రత్నాలు’ అయింది.

వాళ్ల దేశంలో డబ్బుల పేరు ‘పులా’.
పులా అంటే వానంట.
అప్పుడే అనుకుంటి, ఇది మా పక్కూరి పిల్లే అని.
శెనిక్కాయ విత్తి మోడం కల్లా చూసే అనంతపురమోళ్లకు
వేరే డబ్బు యాడుంది?

‘మీరేం ఆడతారు?’ అనడిగింది ఒకనాడు, చేయి కడుగుతా.
కబడ్డీ అంటి.
నవ్వింది. వాళ్ల భాషలో
మీదే వంశమని అడగరంట,
మీరు దేన్ని ఆడతారు అంటారంట.
‘మేము మొసలిని ఆడతాం.’
ఎప్పుడన్నా చూసినావా?
‘లేదు. చూస్తే కండ్లకు చెడుపు.
తినగూడదు, తోలు తొక్కగూడదు.
మా ముత్తవ్వకు అవ్వ, బిడ్డను వీపున కట్టుకొని ఏరు దాటతాంటే
పక్కకు జరిగిందంట.’
అంతే కథ.
ఆ జరిగిన మూరెడు నీళ్లలోనించే
ఇంతమంది.

మేము కురబల్లో జీరిగోళ్లం.
మా జేజి మాళమ్మ చెప్పేది:
దండు తరుముతాంటే గొర్లు యాడికో పాయ,
ఒక్క పిల్లోడు మాత్రం జీలకర్ర చేన్లో బోర్లా పడుకున్నాడంట.
మోకాలెత్తన్నా లేని పైరు,
ఎట్లా దాచింది జేజీ?
‘వాడు సన్నగుండె’ అనేది, పేలు చూడ్డం ఆపకుండా.
మరి తింటే ఏమైతాది?
‘పెండ్లిలో జీలకర్ర యాడ పెడతార్రా?
నెత్తిన.
నెత్తిన పెట్టుకునేది
నోట్లో ఎట్లా పెట్టుకుంటావు.’

ఇదంతా చెప్పను నా ఇంగ్లీషు సాల్లేదు.
నెత్తి తట్టి చూపిస్తి, నోరు మూసి చూపిస్తి.
రత్నాలు చారు గిన్నె కల్లా చూసి
మెల్లగా తలూపింది.

ఆదివారం పెన్న చూస్తానంటే తాడిపత్రి కాడికి తీస్కపోతి.
ఇసుక. ట్రాక్టరు గాళ్ల జాడలు.
నీళ్లే లేని ఏట్లో మొసలి యాడిది?
రాళ్ల సందున ఒక ఉడుము తలెత్తింది.
రత్నాలు చున్నీ కండ్లకు అడ్డం పెట్టుకుంది.
మొసలి గాదమ్మా, ఉడుమది.
‘చుట్టం కావచ్చు గదా’ అంది, తెరవకుండానే.

అది పక్కకు జరిగిందో లేదో
నాకు తెలీదు.
నేను గూడా తల తిప్పుకుంటి.