వెలిసిన వైపు

మూడో సెమిస్టర్‌లో మాకో పేపరుంది: పాతబరచడం.
కొత్త గుడ్డకి వయసెక్కించడం.
మొదటి ఏడంతా కుట్టడమే.
రాజుగారి అంగరఖా, భటుడి నడికట్టు,
చెమటకి జారకుండా కిరీటం కింద మెత్తటి పట్టీ,
రెండు రంగాల మధ్య నిమిషంన్నరలో
మార్చుకోగలిగిన చీర, వెనకాల ఎవరికీ కనపడని హుక్కులతో.
ఇప్పుడేమో కుట్టినదాన్ని పాడుచెయ్యమంటున్నారు.

సుగుణమణి మేడం బల్ల మీద సరంజామా పరిచారు:
గరుకు కాగితం, ఇనప బ్రష్షు, టీ డికాక్షన్,
కరక్కాయ నీళ్లు, చెమట మరకకి గ్లిజరిన్,
చివర్న ఒక కొబ్బరి కోరాం.
"మా వైపు దీన్ని పచ్చడికి వాడతాం మేడం" అన్నాను.
"ఇక్కడ మోచేతులకి వాడతాం, కాసులూ" అన్నారావిడ.

ఊడ్పుల్లో దిగే మనిషికి చీర, రవిక.
సినిమాకి అనుకోండి. పదిహేను రోజులు.

రాజమండ్రి హాస్టలు డాబా మీద
అందరూ బకెట్లలో మట్టి కలిపి చల్లారు,
ముందూ వెనకా, హోలీ ఆడినట్టు.
నాకు తోచక శుక్రవారం రాత్రి బస్సెక్కాను.
రావులపాలెం దాటాక కిటికీలోంచి
ఆకుమడి వాసన వచ్చి పక్కన కూర్చుంది.

ముమ్మిడివరం అవతల, సార్వా చేలో
పన్నెండు వీపులు.
పుట్టినప్పట్నించీ చూస్తున్నవే.
ఆ పొద్దున టేపు మెళ్లో వేసుకుని చూశాను.

వంగిన మనిషిని ఎండ వెనకనించే తింటుంది.
వీపంతా వెలిసి బూడిదైపోయింది,
గుండెల వైపు రంగు రంగులాగే ఉంది.
ఎడం చేత్తో నారుకట్ట పట్టి
ఆ మోచెయ్యి మోకాలి మీద ఆనిస్తారు కదా,
చీర సరిగ్గా అక్కడే పలచబడింది.
బురద పిక్క దాటి పైకి రాలేదు.
ఎగదోపిన కుచ్చెళ్ల మడతలో మాత్రం
కొట్లో విప్పి చూపించిన రోజు రంగు
ఇంకా బేరమాడుతోంది.

రవిక అసలు కనపడదు.
పైన మగవాళ్ల పొడుగుచేతుల చొక్కాలు.
మేడం ఇచ్చిన కాగితంలో చొక్కా లేదు.
గంగారత్నం పిన్ని తొడుక్కున్నది
కొడుకు ఐటీఐ చదివిన ఏడాదిన్నర నాటిది.
జేబు మీద బిళ్ల ఊడదీసిన చోట
ఒక చదరం, వెలవకుండా.

"పిన్నీ, ఇది నాకిచ్చెయ్, కొత్తది కొనిస్తాను."
"ఎందుకే?"
"పరీక్షకి. సినిమా బట్టలు."
నవ్వింది. గట్టుమీద అందరికీ చెప్పి నవ్వించింది.
తర్వాత ఎందుకో నవ్వలేదు.

చీకటిపడ్డాక గుమ్మంలోకొచ్చింది,
కాగితంలో చుట్టిన పట్టురవికతో.
వంకాయరంగు, కలరా ఉండల వాసన.
"సినిమాలో పెడితే ఇది పెట్టు.
మేం ఇవి కూడా తొడుక్కుంటామని చెప్పు మీ మేడానికి."
చొక్కా ఇవ్వలేదు.
రేపు చేలోకి ఏం వేసుకెళ్లమంటావు, అంది.

చొక్కా నేనే కుట్టాను.
పదకొండు సార్లు ఉతికి, డాబా మీద
బోర్లా ఆరేశాను, వీపు ఆకాశానికి పెట్టి.
జేబు మీద అట్టముక్క గుండుసూదులతో గుచ్చి
తొమ్మిది రోజుల ఎండని ఆ చదరంలోకి రానివ్వలేదు.
మోకాలి దగ్గర చీరకి కోరాం, మెల్లిగా.

మేడం చొక్కా తిప్పి చూశారు.
చదరం మీద వేలు పెట్టి ఆగారు.
"ఇక్కడేముండేది?"
"చదువు" అందామనుకున్నాను,
మరీ డైలాగులా ఉంటుందని
"బిళ్ల మేడం" అన్నాను.

ఇరవైకి పద్దెనిమిది.
పక్కన హాంగరుకి తగిలించిన పట్టురవిక
స్క్రిప్టులో లేదని రెండు కోశారు.

న్యాయమే. స్క్రిప్టులో లేదు.

అది ఇప్పుడు నా ట్రంకుపెట్టెలో ఉంది.
దాళ్వా నాట్లలోగా తిరిగివ్వాలి.
రెండో హుక్కు వదులైందని నిన్న రాత్రి చూశాను.
లైటు తీసేలోగా కుట్టేశాను,
పాత దారం వెతక్కుండా,
కొత్త దారంతోనే.