డెబ్బై రెండు, ఇరవై రెండు

అహ్మదీల ఆరో నంబర్ వీధి కొసకు
రెండు ఇండ్లు, నడుమ కత్తిరించిన పచ్చని కంచె.
ఇటుపక్క డ్వేన్ సారు, అమెరికా.
అటుపక్క గోర్డన్ సారు, కెనడా.
రెండిండ్ల ఏసీలు నా జిమ్మ.
ఆళ్ళ చల్లదనం నా చేతిలుంటది,
ఆళ్ళ చెమట నేనెన్నడు చూడలే.

గోడకున్న డబ్బా మూత తీస్తే
లోపట చిటికెన వేలి గోరంత మీట.
ఇట్ల జరిపితే డెబ్బై రెండు,
అట్ల జరిపితే ఇరవై రెండు.
గదిల గాలి ఒక్కటే.
ఇరవై రెండు చూసి డ్వేన్ సారు
"గడ్డకట్టి సావాల్నా?" అని మొత్తుకున్నడొకపారి.
డెబ్బై రెండు చూసి గోర్డన్ సారు
సారీ అన్నడు.
మీట జరుపుడు మరిచింది నేను,
సారీ చెప్పింది ఆయన.

గోర్డన్ సారు బండెనుక ఎర్ర ఆకు,
పెట్టె మీద ఎర్ర ఆకు, చాయ్ కప్పు మీద సుత.
బఖాలా కాడ మలబారీ "అమెరికా?" అనేటాలకే,
ఇంకా అ అననే లేదు,
"కెనడా" అంటడు,
ఈగను తోలినట్టు, నవ్వుకుంటనే.
డ్వేన్ సారు దేని మీద ఏ బొమ్మ లేదు.
ఆయనకు చెప్పుకునే పని వడలే.

నిచ్చెన మీదికెల్లి అడిగిన ఒకనాడు,
సార్, పక్కింటాయన ఎట్లాంటోడు?
బొగ్గుల మీద మాంసం తిప్పుకుంటనే డ్వేన్ సారు,
"గోర్డీయా? బంగారం.
వాళ్ళు మేమే గదా,
జెర చలి ఎక్కువ, మర్యాద ఎక్కువ. గంతే."
వాళ్ళ రాజధాని ఏందంటే టొరంటో అన్నడు.

అదే మాట అటుపక్క అడిగితే
గోర్డన్ సారు చేతుల పని ఆపిండు.
జవాబు పొడుగున్నది.
వాళ్ళ ఎలక్షన్లు, తుపాకులు, దవాఖాన బిల్లులు,
డ్వేన్ సారు చిన్నప్పుడు చూసిన కార్టూన్లు, అన్నీ ఎరుకే.
ఆఖరుకన్నడు,
"ఆ ఇంట్ల దగ్గితే మాకు నిద్ర వట్టదు.
మా ఇల్లు అంటుకున్నా
వాళ్ళకు పొగ కంపు రాదు."
మళ్ళ గొంతు తగ్గించి,
"వాడు మంచోడే.
ఆగస్టుల నా కంప్రెసర్ సచ్చిన రాత్రి
కంచె మీదికెల్లి వైరు గుంజి ఫ్యాను తిప్పిండు."

మంగఫ్‌ల మా రూముల ఆరు మంచాలు.
నా కింది మంచం సత్తిపండుది, అమలాపురం దిక్కు.
ఈ ముచ్చట చెప్తే కడుపు పట్టుకుని నవ్విండు.
"ఒకే బాస మాట్లాడుకుంటా ఈ గొడవేంటండి బాబూ!"
నేను నవ్వలే.
సత్తిపండు బాస నాకు బడిల నేర్పిండ్రు,
సినిమాల నేర్పిండ్రు,
తప్పు వలికితే వీపు మీద నేర్పిండ్రు.
నా బాస ఆయనకెవలు నేర్పాలె?
నాలుగేండ్లు నా కింద పండుకున్నంక
నిరుడు అడిగిండు,
"పైలం అంటే ఏంటండి?
నేను డ్యూటీకెళ్ళేటప్పుడు రోజూ అంటారు,
ఎవరి పేరో అనుకున్నాను."
జాగ్రత్త, అన్న.
"ఓహో! అయితే జాగ్రత్త అనొచ్చుగా."
ఆ రాత్రి ఆయన వండిన పులుసు ముట్టలే.
తెల్లారి తిన్న. రొయ్యలు, ఏం జేస్త.

ఇగ మొన్న శనివారం.
గోర్డన్ సారు ఇంటి మీద మోటరు విప్పాలె.
నిచ్చెన పట్టుకున్నోడు టేక్ బహదూర్, నేపాలోడు,
ఆరేండ్ల సంది నా హెల్పరు.
మా హీరోలు ఎరుక, మా క్రికెట్ ఎరుక,
మా దిక్కు ఉల్లిగడ్డ పిరమైతే
వాళ్ళ కూరల తక్కువైతదని అంటడు.
ఆయనది ఏ జిల్లానో ఒకపారి చెప్పిండు. మరిచిన.
గేటు కాడ పోలీసాయన
మా ఇద్దరిని చూసి "హిందీ" అని రాసుకుంటుంటే
టేక్ బహదూర్ మెల్లగన్నడు, "నేపాలీ."
ఈగను తోలినట్టు, నవ్వుకుంటనే.
రోజు అంటడేమో.
నాకు ఆనాడు వినవడ్డది.

చివరి మెట్టు మీద కాలు వెడుతుంటే
కిందికెల్లి ఎప్పటి మాటనే అన్నడు,
"బిస్తారై."
పాన చేతిల వట్టుకొని ఆగిన.
ఎండ నలభై తొమ్మిది. కంచెకటు నూట ఇరవై.
"టేక్ బహదూర్, బిస్తారై అంటే ఏంది?"

తలెత్తి, ఎండకు కండ్లు చిన్నగ జేసి
నన్ను కొత్తగ చూసిండు.
జవాబు చెప్పలే.
నిచ్చెనను రెండు చేతుల్తోని
ఇంకింత గట్టిగ వట్టుకున్నడు.