గానీ

మైపాడు రోడ్డు దిగి గంగపట్నం పోయే దారిలో
పదకొండు రొయ్యల గుంటలు.
గట్టు మీద రేకుల షెడ్డు. అందులో నేను,
ఒక ల్యాప్‌టాపు, సగం కాలిన దోమల కాయిల్,
ఒక్క వరుస కోడు కూడా రాయని మూడో రోజు.

"ప్రోగ్రాం యాడిదాకా వచ్చిందమా?" అంటాడు చెంగయ్య.
"ముందు ఏం కావాలో రాస్తున్నా."
"ఏం కావాల్నో నాకు తెలుసు గదా!"

తెలుసు. ఆ తెలిసిందాన్ని
గుర్తుల్లోకి దింపడానికే వచ్చాను.
తల్లకిందులుగా నిలబడ్డ ఇంగ్లీషు ఏ అక్షరం:
ప్రతి గుంటకీ అని అర్థం చెప్పాను.
వంగి చూసి, "ఎద్దు మొహం గదమా ఇది,
కొమ్ములు కూడా ఉండాయి" అన్నాడు.
అప్పట్నుంచీ నాకూ ఎద్దే కనబడుతోంది.

ఎప్పుడూ అన్న మాట దగ్గరే ఒక పూట గడిచింది.
ఏరేటర్లు ఎప్పుడూ తిరగాలి, అని రాస్తే
"ఎప్పుడూ ఎందుకు? మేతేసే గంట ఆపాల.
తెల్లారుజామున మాత్రం,
నీళ్ళలో ఊపిరి సన్నగిల్లే యాళ,
ఆగిందా,
రొయ్య పైకి తేలిందా,
ఇంక మేం గట్టు మీద కూర్చుని ఏడవాల్సిందే."
ఎప్పుడూ కొట్టేశాను. మేత గంట తప్ప, అని రాశాను.
తప్ప పక్కనే తప్పు కూర్చుని ఉంటుందని
భయపడుతూనే రాశాను.

తర్వాతి వాక్యం ఆయన నోటిదే, యథాతథంగా:
కరెంటు గానీ జనరేటరు గానీ ఉండాల.
ఇందులో ఏముంది?
తనిఖీ యంత్రానికి అప్పగించి టీకి పోయాను.

గ్లాసు చల్లారేలోపు
అది నలభై వేల రాత్రులు బతికి చూసింది.
డీజిలు అయిపోయిన రాత్రులు,
కరెంటు పోయి వచ్చి మళ్ళీ పోయిన రాత్రులు.
ఒకదాన్ని పైకి తీసి నా ముందు పెట్టింది.

కరెంటు పోయింది.
జనరేటరు అందుకుంది.
కరెంటు తిరిగొచ్చింది.
జనరేటరు ఇంకా దిగలేదు.

రెండూ ఒకే తీగ మీద.
తప్పు అనలేదు యంత్రం.
నువ్వు రాసిన దాని ప్రకారం
ఇదీ మంచి రాత్రే, అంది.

చెంగయ్యకి చూపించాను.
బాణాల వెంట వేలు పోనిచ్చి
నాలుగో గడి దగ్గర ఆపాడు.
చొక్కా చెయ్యి పైకి మడిచాడు.
మోచేతి నుంచి మణికట్టు దాకా
వెంట్రుక మొలవని నున్నటి తోలు.
"పాత సేటు గుంటల కాడ. గాలీ వానా.
నాకు చెయ్యి. పెంచలయ్యకి
చెయ్యి ఒకటే కాదు."

మొన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాను.
"ఇది కూడా చెప్పాల్నా? ఎవురికి తెలీదు?"

యంత్రానికి తెలీదు. నాకూ తెలీదు.
గానీ అన్న మాటకి రెండో సగం ఉంది,
ఏదో ఒకటి, రెండూ కాదు అని.
మనం దాన్ని మింగేసి మాట్లాడతాం.
ఎదుటివాడి కడుపులోనూ అదే ఉందని నమ్ముతాం.

ఆ రాత్రి ఒక వరుస చేర్చాను.
రెండూ కలవరాదు. ఏ రాత్రీ.
కన్ను మూసి తెరిచేంతసేపైనా.
యంత్రం మళ్ళీ మొదలెట్టింది.
ఈసారి టీకి పోలేదు.
బయట పదకొండు గుంటలూ నీళ్ళు చిలుకుతున్నాయి.
పన్నెండు దాటాక, ఎదురు కథ దొరకలేదంది.

ప్రతి నియమానికీ ఒక పేరుండాలి ఫైల్లో.
పద్దెనిమిది అని కొట్టబోయి
పెంచలయ్య అని కొట్టాను.
రేపు ఎవరైనా దాన్ని తీసెయ్యబోతే
ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు.

"రుజువైందా?" అన్నాడు చెంగయ్య, టార్చి ఆర్పి.
"అయింది."
"అయితే సరే. గానీ మా,
ఎండ్రకాయ వైరు కొరికితే?"

కుర్చీ ముందుకు లాక్కున్నాను.