దుబాసీ

చిల్వా సరస్సు ఒడ్డున బడి వరండాలో మీటింగు.
ఓస్లో నుంచి వచ్చినామె
'హాజరైన స్త్రీలు' గడిలో నలభై ఒకటి వేసుకుంది.

అటుపెలె లేచింది.
చంకలో పిల్లను సర్దుకుని చాలాసేపు మాట్లాడింది:
బోరింగు పడుకుని మూడు నెలలైందని,
బాగుచెయ్యడం నేర్చింది తామేనని,
పానా మాత్రం ప్రెసిడెంటు ఇంట్లో
మేకుకు వేలాడుతోందని.

దుబాసీ గొంతు సవరించుకున్నాడు.
"థాంక్స్ చెబుతోందండీ."

ఆ ఒక్క ఇంగ్లిషు ముక్క అందరికీ తెలుసు.
ఆడవాళ్లంతా గొల్లుమన్నారు.
అటుపెలె నవ్వలేదు.
వచ్చినామె చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి
బోరింగు పిడి మీద పెట్టింది.

కొట్టిందామె. మళ్లీ కొట్టింది.
ఇనుము దగ్గింది,
చుక్క రాలలేదు.

అటుపెలె ఆమె కలం తీసుకుంది.
కాగితం వెనక, గడులు లేనిచోట,
పానా బొమ్మ గీసింది.
దాని చుట్టూ ఒక ఇల్లు.
తలుపుకి, బాగా నల్లగా దిద్ది,
తాళం.