చిల్లర

రెడ్‌హిల్స్‌ల, క్యాన్సర్ దవాఖానకు ఎదురుంగ
నాలుగడుగుల డబ్బా నాది.
పన్ను పెరిగిందని టీవీల చెప్పిన సాయంత్రమే
మాల్ ఇచ్చే పోరడు ఫోన్ ఎత్తుడు బంద్ జేసిండు.
నాలుగోనాడు ప్యాకెట్లొచ్చినయి.
గదే పుండు బొమ్మ, గదే పుచ్చిన గొంతు,
రేటొక్కటే కొత్తది.

ఖదీర్ భాయ్ ఆటో ఇంజను ఆపకుండనే అడిగిండు, "ఒక్కటెంత?"
చెప్పిన.
రోజుకు ఎనిమిది, నెలకు...
వేళ్ల గణుపుల మీద ఎక్కి ఎక్కడ్నో ఆగిపోయిండు.
"అర్రే, బిడ్డ వ్యాన్ ఫీజు గింతే కదా" అన్నడు,
నాతోని కాదు, హ్యాండిల్‌తోని.
ఆ పొద్దు నాలుగు తీస్కున్నడు. వారంల రెండుకొచ్చిండు.
ఇప్పుడు సోంపు నములుతడు,
నములుకుంటనే నన్ను తిడతడు.

లిఫ్టు నడిపే సుదర్శనం మానలే. బీడీకి దిగిండు.
అందర్ని పైకి మోసేటోడు
తాను మాత్రం ఒక్కో అంతస్తు దిగుతున్నడు.
టైల్స్ మేస్త్రి పోశెట్టి బేగంబజార్ల
పేరు లేని ప్యాకెట్ ఎతికి పట్టిండు:
బిల్లు లేదు, బొమ్మ లేదు, సగం ధర.
సర్కారు ఒక్క తలుపు మూస్తే
దగ్గుకు కిటికీలు మస్తు.

నా గల్ల అబద్ధమాడదు. సగమైంది.
అద్దె సగం కాలే.
అరటిగెలలు ఏలాడదీసిన, మచ్చలొస్తున్నయి.

ఒకనాడు హాస్టల్ పోరడొకడు, నూగు మీసం,
ఇరవై నోటు పిడికిట్ల నలిపి నలిపి
రేటు ఇని, అటిటు జూసి,
పల్లీపట్టి కొనుక్కొని పోయిండు.
మళ్ల రాలే.
ఇరవై రెండేండ్ల నా ఖాతా బుక్కుల
ఎన్నడూ ఎక్కని పేరు వానిది.
గా ఒక్క నష్టానికి మాత్రం
కోపమొస్తలేదు, ఎందుకో.

మరి పెరిగిన పైసలు రోడ్డు దాటినయా?
ఏమో. వరండాల సాపలు అట్లనే ఉన్నయి.
టోకెన్ చీటీ కొంగుకు ముడేసుకున్న ఆడోళ్లు అట్లనే.

నిన్న రాత్రి ఒకాయన గేటు దాటి వచ్చిండు,
దవడకు తెల్లబట్ట, ముక్కుల పైపు.
ఏలు పెట్టి చూపిండు, పాత బ్రాండు.
పాత రేటు పైసలు పెట్టిండు.
తక్కువ పడ్డయని చెప్పనీకి నాకు నోరు రాలే.
ఆయనకు అడగనీకి నోరే లేదు.
శానసేపు అట్లనే నిలబడ్డం, ఇద్దరం,
దారానికి కట్టిన లైటరు గాలికి ఊగుతుంటె.

ఒట్టి చేతులతోని పోయిండు, పైసలు ఆడ్నే ఇడిసి.
గల్లల ఎయ్యలే నేను.
ఏ లెక్కల రాయాల్నో
ఎవరినడగాలె?